ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు

మైలపిల్లి పోలారావు గురించి నా దగ్గర నూట అరవై కాగితాలు ఉన్నాయి. ఆయన ఏ రోజు ఏ గదిలో ఎంతసేపు నిలబడ్డాడో, ఎంతమందితో మాట్లాడాడో, ఒక్కొక్కరిని ఎన్ని సెకన్లు ఆపగలిగాడో తడుముకోకుండా చెప్పగలను. నాకు ఇంతగా తెలిసిన మనిషికి నేను చేసిన మేలు ఒక్కటీ లేదు. చేసిన కీడు మాత్రం ఉంది. చెప్పుకున్నంత మాత్రాన అది తీరదని తెలుసు, అయినా ఎక్కడో ఒకచోట రాయకపోతే నా మనసు ఊరుకునేలా లేదు.

పోలారావుది విశాఖపట్నం జాలారిపేట. పన్నెండో ఏట తండ్రి ఎర్రన్నతో కలిసి తెప్ప మీద సముద్రంలోకి వెళ్ళాడు, ముప్ఫై ఎనిమిదో ఏటి దాకా వెళుతూనే ఉన్నాడు. తొంభై మూడు నాటికి ఒడ్డంతా ఇంజన్లు బిగించిన ఫైబరు పడవలు వచ్చేశాయి. ఎర్రన్న పోయాడు. పోలారావు కుడి భుజం వల లాగలేని స్థితికి వచ్చింది. ఇంకొకరి పడవ మీద కూలికి వెళ్ళడానికి మనసొప్పలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే పాత ఊళ్ళోని ఒక చిన్న మ్యూజియం వాళ్ళు, ప్రదర్శనకు పాత తెప్ప ఒకటి కావాలంటూ జీపు వేసుకుని ఒడ్డుకు వచ్చారు. పోలారావు తండ్రి తెప్పను ఇస్తానన్నాడు. బదులుగా ఆ తెప్ప పక్కన నిలబడే ఉద్యోగం అడిగాడు. టెంపరరీ అటెండెంటుగా తీసుకుని ఖాకీ చొక్కా ఇచ్చారు.

మొదటి తప్పు ఇక్కడే జరిగింది, దానికి కారణం పోలారావు పద్ధతిగా ఉండటమే. తెప్ప అంటే పడవ కాదు, పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగించిన దుంగలు. ఒడ్డుకు రాగానే తాళ్ళు విప్పేసి దుంగలను విడివిడిగా ఎండబెట్టాలి, లేకపోతే నీరు పట్టి బరువెక్కిపోతాయి. కట్టిన తెప్పను అలాగే ఇసుక మీద వదిలేసేవాణ్ణి పేటలో ఎవరూ మనిషిగా లెక్కచెయ్యరు. అందుకని పోలారావు తాళ్ళు విప్పి, దుంగలు శుభ్రంగా తుడిచి, ఐదింటినీ లారీ ఎక్కించాడు. కట్టడానికి తనను పిలుస్తారనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. మ్యూజియం వాళ్ళు వడ్రంగిని పిలిచారు. వడ్రంగి తన కంటికి అందంగా కనిపించిన వరుసలో ఐదు దుంగలనూ పేర్చి కట్టేశాడు. దాని మీద తెల్లరంగుతో నంబరు వేశారు, ఫొటో తీశారు, రిజిస్టరులో ఎక్కించారు. ముందర ‘మైలపిల్లి ఎర్రన్న తెప్ప’ అని ఒక ఫలకం కూడా పెట్టారు. సోమవారం పొద్దున్న ఖాకీ చొక్కా తొడుక్కుని డ్యూటీకి వచ్చిన పోలారావు గుమ్మంలోనే ఆగిపోయాడట.

“ఇదేటి బాబూ ఇలగ కట్టీసినారు? ఎడం సెయ్యి తీసి కుడేపు అతికించినట్టున్నాది. దీన్నేసుకుని అలల్లోకి ఎల్తే మనిసి తిరిగి రాడు,” అన్నాడట.

విప్పి తిన్నగా కడతానన్నాడు. రిజిస్టరులో ఎక్కిన వస్తువు మీద చెయ్యి వెయ్యాలంటే పై ఆఫీసు అనుమతి కావాలన్నారు. అర్జీ పెట్టాడు. ఆ ఆఫీసరు బదిలీ అయిపోయాడు. కొత్తాయనకు మళ్ళీ పెట్టాడు. అలా పన్నెండేళ్ళలో నలుగురు ఆఫీసర్లు, నాలుగు అర్జీలు. భీమిలి నుంచో పూడిమడక నుంచో తెప్పల సంగతి తెలిసినవాడెవడైనా వచ్చి చూస్తే, ఎర్రన్నకు తెప్ప కట్టడం రాదనుకుంటాడు. అదీ ఆయన బాధ. తండ్రి పేరు ఫలకం మీద ఉంది, తప్పు దాని కింద ఉంది, ఆ రెంటి పక్కనా నిలబడి ఎవరూ ముట్టుకోకుండా చూడటం ఆయన ఉద్యోగం. ముట్టుకోకూడనివాళ్ళలో ఆయనా ఉన్నాడు.

చేత్తో సరిచెయ్యనివ్వలేదు కాబట్టి నోటితో సరిచెయ్యడం మొదలుపెట్టాడు.

నేను ఆ మ్యూజియంలో అడుగుపెట్టింది రెండు వేల నాలుగులో. మాది ఎలమంచిలి దగ్గర పల్లెటూరు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. రోజూ పొద్దున్నే పాసింజరు పట్టుకుని వచ్చి యూనివర్సిటీలో పరిశోధన చేసేదాన్ని. అప్పుడప్పుడే మ్యూజియాల్లోకి కంప్యూటర్లు వస్తున్నాయి. అవి వచ్చాక జనం చూసే తీరు ఎలా మారుతుందన్నది నా విషయం. రాకముందు కొన్ని నెలలు, వచ్చాక కొన్ని నెలలు గమనించి పోల్చాలి. చేతిలో గదుల పటం, మెడలో స్టాప్‌వాచీ. లోపలికి వచ్చిన మనిషిని వాళ్ళకు తెలియకుండా వెంబడించి, ఎక్కడ ఆగారో గుర్తు పెట్టి, ఎంతసేపు ఆగారో రాసుకోవాలి. వీధిలో చేస్తే పోలీసులు పట్టుకుపోయే పనే, మ్యూజియంలో చేస్తే డాక్టరేటు ఇస్తారు.

ఆదివారాలు స్టీలుప్లాంటు క్వార్టర్ల నుంచి కుటుంబాలు బస్సుల్లో వచ్చేవి. నాణేల దగ్గర తొమ్మిది సెకన్లు. శంఖాల గదిలో నలభై. పెద్ద ఓడ నమూనా దగ్గర మగవాళ్ళు ఒక నిమిషం, ఆడవాళ్ళు అదీ లేదు. తెప్ప గదిలో సగటున ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు. మొదటి వారం నా వాచీ పాడైందనుకుని మద్దిలపాలెంలో ఒక షాపులో ఇచ్చాను. షాపతను నన్ను ఎగాదిగా చూసి, “బానే ఉందమ్మా, నీకేటైనా తొందరా?” అని తిరిగిచ్చేశాడు.

ఆ ఏడు నిమిషాలూ పోలారావు పనే. జనం గదిలోకి రాగానే చేతులు వెనక్కి పెట్టుకుని, “ముందుగానే సెప్తన్నాను బాబూ, ఇది తప్పు,” అనేవాడు. నేను వాచీ నొక్కేదాన్ని. బయటికి పోబోయినవాళ్ళు కూడా ఆగిపోయేవారు. మ్యూజియంలో నిలబడి మ్యూజియానిదే తప్పనే మనిషిని ఎవరు వదిలిపోతారు! అక్కణ్ణుంచి ఆయన నేల మీద మోకాళ్ళు వేసేవాడు. ఐదుగురు పిల్లల్ని వరసగా పడుకోబెట్టి దుంగల్ని చేసేవాడు. ఒకణ్ణి లేపి ఇటు, ఒకదాన్ని లేపి అటు మార్చేవాడు. తల్లులు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవారు. భుజం మీది తువ్వాలు తాడయ్యేది. అల వస్తోందంటూ ఒక్కసారి గొంతు పెంచితే, నిజంగానే రెండడుగులు వెనక్కి వేసిన పెద్దమనుషుల్ని చూశాను. చివర, “అయిపోనాది. ఇంక ఎల్లండి, బస్సు దొరకదు,” అనేవాడు. నేను మళ్ళీ వాచీ నొక్కి, అంకె రాసుకుని, తర్వాతి మనిషి కోసం గుమ్మం వైపు చూసేదాన్ని.

రోజుకు నాలుగైదు సార్లు ఇదే. ఆయనకూ నాకూ స్నేహం కుదిరింది. బాబాయ్ అని పిలిచేదాన్ని. భార్య కాసులమ్మ కట్టిచ్చిన చేపల పులుసులో నాకో ముక్క తీసి ఉంచేవాడు. “సూడమ్మా, పొద్దస్తమానూ గడియారంకేసే సూత్తావు, తెప్పకేసి సూడవేటి?” అని ఎగతాళి చేసేవాడు. అదే నా పని బాబాయ్ అని నేనూ నవ్వేసేదాన్ని.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి గుణశేఖర్ అనే ఇంజనీరు అట్టపెట్టెలతో దిగాడు. తెప్ప పక్కనే టచ్ స్క్రీను నిలబెట్టాడు. మ్యూజియమంతటా ‘తాకరాదు’ అని బోర్డులుండగా, దీని మీద మాత్రం ‘తాకండి’ అని రాశారు. జనానికి ఇంకేం కావాలి! వేలు పెడితే తెరలో తెప్ప బొమ్మ గుండ్రంగా తిరుగుతుంది. వార్తలు చదివే గొంతుతో ఒకావిడ, “ఇది ఉత్తరాంధ్ర మత్స్యకారుల సంప్రదాయ జలయానం,” అని మొదలుపెడుతుంది.

పోలారావు తెర ముందు నిలబడి, ఆ బొమ్మ ఒక చుట్టు పూర్తిగా తిరిగేదాకా చూశాడు. వడ్రంగి కట్టిన వరుసే, తెల్ల నంబరుతో సహా. ఆయన మెల్లిగా వేలు పెట్టి, బొమ్మలో చివరి దుంగను అవతలి పక్కకు తొయ్యబోయాడు. తెర మారి శంఖాలు వచ్చాయి. నేను వెనక్కి నొక్కి మళ్ళీ తెప్పను తెచ్చాను. మళ్ళీ తోశాడు. మళ్ళీ శంఖాలు. మూడోసారి నా వైపు తిరిగి, “నానేటి తప్పు సేత్తన్నానమ్మా?” అని అడిగాడు.

ఇద్దరం గుణశేఖర్ దగ్గరికి వెళ్ళాం. మర్యాదస్తుడే. “రిజిస్టరులో ఫొటో ఎలా ఉంటే అలాగే చేశామండీ. ఆఫీసరు గారు రాసిస్తే మార్చేస్తాం,” అన్నాడు. ఆఫీసరు శ్రీరామ్మూర్తి గారి దగ్గరికి వెళ్ళాం. “పై ఆఫీసు చెబితే రాసిస్తాను. కంప్యూటరు ఎలా పనిచేస్తోందో ఈ అమ్మాయి రిపోర్టు వాళ్ళకే వెళుతుంది కదా, అందులో ఉంటే వాళ్ళే చూస్తారు,” అన్నారాయన.

ఆ మాటతో పోలారావు ఆఫీసర్లను వదిలేసి నన్ను నమ్ముకున్నాడు. “ఐతే నీ కాయితం ఎల్తే సాలన్నమాట. మా అయ్య తెప్ప తిన్నగా కడతారన్నమాట,” అని ఆ రోజంతా అదే మాట.

అప్పుడే మా ప్రొఫెసరు ఒక మెలిక పెట్టారు. కంప్యూటరు దగ్గర జనం తమంతట తాము ఎంతసేపు ఆగుతారో తేలాలంటే పక్కన ఆ మనిషి మాట్లాడకూడదు, మాట్లాడితే ఫలితం చెడిపోతుంది, రెండు వారాలు ఆయన్ను ఊరుకోమను అన్నారు. నాకది న్యాయంగానే తోచింది. అప్పట్లో పరిశోధన అంటే చాలు, నాకు ఏదైనా న్యాయంగానే తోచేది.

“బాబాయ్, రెండు వారాలు మాట్లాడకుండా ఉండగలవా?” అని అడిగాను.

“ఎవులితోటి?”

“తెప్ప చూడ్డానికి వచ్చినవాళ్ళతో. ఎవరేం అడిగినా తెర వైపు చెయ్యి చూపించు, చాలు.”

ఆయన తువ్వాలు తీసి మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. “నాను మాటాడకపోతే నీ సదువు అయిపోతాదా?”

“అయిపోతుంది.”

“మరి తెప్ప ఇసయం రాత్తావా?”

“రాస్తాను బాబాయ్. ఒట్టు.”

“రెండు వారాలే గదా. ఉంటానులే.”

ఉన్నాడు. మొదటి రోజే గాజువాక నుంచి వచ్చిన ఒక ముసలాయన వంగి చూసి, ఇందులో ముందేది వెనకేది అని అడిగాడు. పోలారావు నోరు తెరిచాడు. మూలన వాచీతో నిలబడ్డ నన్ను చూశాడు. నోరు మూసి, తెర వైపు చెయ్యి చూపించాడు. నేను కాగితం మీద టిక్కు పెట్టుకున్నాను. పిల్లల వేళ్ళతో తెర జిడ్డు పట్టేది, కిటికీలోంచి హార్బరు ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము వచ్చి పడేది. గంటకోసారి ఆయన గుడ్డ తీసుకుని దాన్ని తుడిచేవాడు.

రెండో వారంలో, ఆయన పన్నెండేళ్ళుగా భయపడ్డ మనిషి రానే వచ్చాడు. భీమిలి జాలరి, పెళ్ళాం బిడ్డలతో ఊరు చూడ్డానికి వచ్చాడు. తెప్ప చుట్టూ ఒకసారి తిరిగి, ఫలకం మీది పేరు కొడుకు చేత చదివించుకుని పకపకా నవ్వాడు.

“ఎవులయ్యా ఈ ఎర్రన్న? తెప్ప కట్టడం రానోడి తెప్ప తెచ్చి పెట్టినారేటి?” అన్నాడు పోలారావుతో.

పోలారావు మెడ నరాలు బిగుసుకోవడం నాకు గది అవతలి నుంచి కనిపించింది. ఒక్క మాట, మా అయ్య కట్టింది కాదు అనే ఒక్క మాట చాలు. నేను వద్దని తల ఊపలేదు, ఫరవాలేదు చెప్పు అని కూడా ఊపలేదు. ఆయన చెయ్యి ఎత్తి తెర వైపు చూపించాడు. నేను టిక్కు పెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ ఉంది, ఆ టిక్కూ ఉంది, దాన్ని చూస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ రెండు వారాల్లో జనం తెర దగ్గర ఆగిన సగటు నాలుగు నిమిషాల పది సెకన్లు వచ్చింది. ప్రొఫెసరు మురిసిపోయారు. రిపోర్టు రెండు వందల పేజీలైంది. నూట నలభై మూడో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, ప్రదర్శనలో ఉన్న తెప్ప అమరిక సరైనది కాదని అటెండెంటు అభిప్రాయం అని రాశాను. మాట నిలబెట్టుకున్నానని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను కూడా. ఆ పేజీ తీసి చూపిస్తే పోలారావు ఆ వాక్యం మీద వేలు పెట్టి, “ఇదేనా? సిన్నదే,” అన్నాడు. “సిన్నదైతే ఏటి, ఉన్నాది గదా,” అని మళ్ళీ తనే సర్దుకున్నాడు.

ఆరు నెలలకు పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. తెప్ప గురించి కాదు. అటెండెంట్లు ఇకపై సందర్శకులతో మాట్లాడరాదు, వారిని కంప్యూటరు వద్దకు పంపవలెను అని ఉత్తర్వు. ఆ సంగతి తెలిసి నేను పరుగున వెళ్ళి శ్రీరామ్మూర్తి గారి ముందు నిలబడ్డాను.

“నన్నేం చెయ్యమంటావమ్మా? ఇది నీ మాటే,” అని ఆయన నా రిపోర్టు మొదటి పేజీ నా వైపు తిప్పారు. ఒక వాక్యం కింద ఎర్రసిరాతో గీత ఉంది. అటెండెంటు జోక్యం లేనప్పుడు సందర్శకులు కంప్యూటరును చక్కగా వినియోగించుకున్నారు. నేను రాసిందే.

“ఆయన మాట్లాడినప్పుడు ఏడు నిమిషాలు ఆగేవారండీ. అదీ రాశాను.”

“రాశావు. తెప్ప దగ్గర ఆగారని రాశావు. వాళ్ళు అడిగింది కంప్యూటరు గురించి కదా.”

“నూట నలభై మూడో పేజీ చూడండి.”

ఓపిగ్గా తీసి చూశారు. “అభిప్రాయం అని రాశావు. ఒక అటెండెంటు అభిప్రాయానికి రిజిస్టరు మార్చమని నేను ఏ మొహం పెట్టుకుని అడగను? పైగా అతను టెంపరరీ. ఉత్తర్వు కాదని నోరు తెరిస్తే ఇంటికి పంపేస్తారు. నువ్వు వెళ్ళి రెచ్చగొట్టకు, నీకు పుణ్యముంటుంది.”

ఆయన చెడ్డవాడు కాదు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అదే నా ఏడుపు. చెడ్డవాడొకడుంటే వాడి మీద విరుచుకుపడేదాన్ని. బయటికి వస్తూ తెప్ప గది ముందు నుంచే నడిచాను. పోలారావు తెర తుడుస్తూ వెనక్కి తిరిగి ఉన్నాడు. పిలిచే ధైర్యం లేక చప్పుడు చెయ్యకుండా వచ్చేశాను.

ఆ తర్వాతి ఏడాది ఒకనాడు పూర్ణా మార్కెట్లో చేపల వరసలో కాసులమ్మ కనిపించింది. నేను ఫలానా అని చెప్పగానే కత్తిపీట ముందు నుంచి తలెత్తింది.

“నువ్వేనా ఆ గడియారం అమ్మవి? ఇంటికాడ కూడా మాటాడ్డం మానీసినాడమ్మా. కూడు ఎయ్యమంటావా అంటే కుండకేసి సెయ్యి సూపిత్తాడు. పేటంతా నవ్వించినోడి నోటికి మీరేటి కట్టీసినారు?”

“ఉత్తర్వు వచ్చిందమ్మా. నా చేతిలో లేదు,” అన్నాను.

“మరెవులి సేతిలో ఉన్నాది?” అని అడిగింది.

దెప్పి అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది, తెలిస్తే వెళ్ళి ఆ చేతులే పట్టుకుందామన్నట్టు. నేను తలదించుకుంటే మళ్ళీ చేప కొయ్యడంలో పడింది.

రెండు వేల తొమ్మిదిలో, అప్పటికి నేను లెక్చరరుగా చేస్తున్న కాలేజీ పిల్లలు ముప్ఫై మందిని ఆ మ్యూజియానికి తీసుకెళ్ళాను. మేం లోపలికి అడుగుపెట్టగానే కరెంటు పోయింది. కిటికీలోంచి మధ్యాహ్నపు వెలుతురు తెప్ప మీద బాగానే పడుతోంది. తెర ఒక్కటే నల్లబడింది. పక్కనే పోలారావు, జుట్టంతా నెరిసి, అదే ఖాకీ చొక్కాలో.

మా ధనలక్ష్మి అనే అమ్మాయి ఆయన దగ్గరికి వెళ్ళి, “తాతగారూ, దీని మీద ఎలా కూర్చుంటారు?” అని అడిగింది.

“కరెంటొచ్చినాక అది సెప్తాదమ్మా,” అని ఆయన నల్లని తెర వైపు చెయ్యి చూపించాడు.

నేను ముందుకు వెళ్ళాను. “బాబాయ్, ఆఫీసరు గారు లేరు. ఈ ఒక్కసారి చెప్పు.”

గుర్తుపట్టాడు. నవ్వాడు కూడా. “రెండు వారాలన్నావు గదమ్మా,” అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. కోపం లేదు.

పిల్లలు నా ముఖంలోకి చూస్తున్నారు. సరే, నేనే చెబుతానన్నాను. నాకు తెలియనిదా, వందల సార్లు ఆ గదిలో నిలబడ్డదాన్ని! “ముందుగానే చెబుతున్నాను, ఇది తప్పు,” అన్నాను. అందరూ ఆగి దగ్గరికి వచ్చారు. ఆ తర్వాత నాకు మాట రాలేదు. మొదటి మాట గుర్తుంది, ఆ మాటకు వాచీ నొక్కేదాన్ని కాబట్టి. చివరి మాట గుర్తుంది, అప్పుడు వాచీ ఆపేదాన్ని కాబట్టి. మధ్యలో ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు ఆయన ఏం చెప్పేవాడో ఒక్క ముక్క గుర్తులేదు. పడుకోబెట్టిన పిల్లల్లో ఒకరిని లేపి ఇటు, ఒకరిని లేపి అటు మార్చడం ఎన్నిసార్లు నా కళ్ళ ముందే జరిగిందో! ఎవరిని ఎటు మార్చేవాడో నూట అరవై కాగితాల్లో ఎక్కడా రాసుకోలేదు. తెప్ప తప్పని రాశాను గానీ, ఒప్పు ఏదో ఒక్కనాడూ అడగలేదు.

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. బ్యాగులోంచి నోటుపుస్తకం తీశాను. “బాబాయ్, ఏ దుంగ ఎక్కడుండాలో చెప్పు. వాళ్ళకు వద్దు, నాకొక్కదానికే చెప్పు. ఇప్పుడే రాసుకుంటాను.”

పోలారావు నా పుస్తకంకేసి చూశాడు, పెన్నుకేసి చూశాడు.

“రోజుకి నాలుగుసార్లు సెప్పినానమ్మా,” అన్నాడు. “మీరు పక్కనే నిలబడ్డారు.”

అంతలో కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది, తెర వెలిగి స్వాగతం పలికింది. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ దాని చుట్టూ మూగారు. వాళ్ళకు అడ్డం కాకుండా పోలారావు గోడ వైపు జరిగి నిలబడ్డాడు.